నాలుగో సెక్షను దారి: కోనసీమలో ఒక చరిత్ర నడక

కోనసీమను చూపించే పుస్తకాలన్నీ ఒకే దారిలో నడుస్తాయి. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దిగింది మొదలు కొబ్బరి తోటలు, కాలవ గట్లు, ర్యాలి, అయినవిల్లి, అప్పనపల్లి, ఆఖరున అంతర్వేదిలో సముద్రం. మధ్యలో ఎవరో పెద్దాయన 'ఆయ్' అంటాడు, వచ్చినవాళ్ళు మురిసిపోతారు. కోనసీమ మర్యాద అంటే అదేనని సినిమాలు కూడా ఒప్పించేశాయి. ఆ 'ఆయ్' ఎవరు ఎవరికి అంటారు, తిరిగి ఎవరు అనరు అన్న ప్రశ్న ఏ టూరిజం కరపత్రంలోనూ కనపడదు. కనపడదని మాకూ తెలుసు, మా ఫిర్యాదు దాని మీద కాదు. ఇన్నేళ్ళు చదువుకున్నాం, ఉద్యమాల్లో తిరిగాం, అయినా ఈ నేలకు ఇంకో దారిపటం మేమే ఇంతవరకూ గీయలేదే అన్నది మా ఫిర్యాదు.

పెద్ద నగరాల్లో 'హెరిటేజ్ వాక్' అని ఒకటి నడుస్తోంది. ముందు గైడు, వెనక పదిమంది, ఆగిన చోటల్లా ఒక కథ. కోటలకూ హవేలీలకూ చేసే ఈ పనిని అమెరికాలో నల్లవాళ్ళ పౌరహక్కుల చరిత్రకు కూడా చేశారు. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగరం తీసుకోండి. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ బస్సెక్కిన కోర్ట్ స్క్వేర్, సీటు వదలనన్నందుకు ఆమెను అరెస్టు చేసిన వీధి, మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరుగా పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి, బస్సుల్లో వేరు సీట్లు రాజ్యాంగ విరుద్ధమని 1956 జూన్‌లో తీర్పు చెప్పిన ఫెడరల్ కోర్టు భవనం, ఇవన్నీ ఒకదానికొకటి కాలినడక దూరంలోనే ఉన్నాయి. అన్యాయం జరిగిన చోటు, జనం కూడిన చోటు, తీర్పు వచ్చిన చోటు ఒకే పూటలో చూసేయొచ్చు. అసలు ఆ ఉద్యమమే ఒక నడక. బస్సు ఎక్కమని 381 రోజులు నల్లవాళ్ళు పనులకు నడిచిపోయారు, కార్లున్నవాళ్ళు లేనివాళ్ళను ఎక్కించుకుపోయారు.

ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు లా చదివే మా పిల్లలు ఇద్దరు అడిగారు: 'సార్, మన అమలాపురంలో ఇలాంటిది ఒకటి పెడితే?' పెట్టి చూశాం. ఒక ఆదివారం పొద్దున్నే ఏడుగురం గడియారస్తంభం దగ్గర కలిశాం. నల్లవంతెన, ఎర్రవంతెన, హైస్కూలు సెంటరు, కోర్టుల ఆవరణ గేటు దాకా నడిచి, టీ తాగి తిరిగొచ్చాం. గంటన్నర పట్టింది, అందులో అరగంట టీకే పోయింది. అంబేడ్కర్ విగ్రహం చూశాం, బాలయోగి విగ్రహం చూశాం. ఇక్కడ ఫలానా కేసు మొదలైంది, ఇక్కడ ఫలానా హక్కు గెలిచాం అని చెప్పే ఫలకం ఒక్కటీ లేదు. గైడు మాట్లాడవలసిన చోటల్లా మేం మౌనంగా ఉన్నాం.

చరిత్ర లేక కాదు. కోనసీమలో దళితుల పౌరహక్కుల చరిత్ర మాంట్‌గోమరీ నమూనాలో ఇమడదు, అదీ సంగతి. అక్కడ నేరస్థలానికీ న్యాయస్థలానికీ మధ్య కొన్ని వీధులు. ఇక్కడ వాటి మధ్య గోదావరి ఉంది. 2022 దాకా ఈ సీమకు కలెక్టరు ఉన్నది కాకినాడలో, జిల్లా కోర్టు రాజమండ్రిలో. రెండూ గౌతమికి అవతలి గట్టునే. ఎదుర్లంక వంతెన రాకముందు ముమ్మిడివరం వైపు మనిషి కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలంటే రేవులో పంటు కోసం నిలబడాలి, లేపోతే చుట్టూ తిరిగి పోవాలి. కూలి పోతుంది, దారిఖర్చు అవుతుంది, ఊళ్ళో కామందుకు తెలిసిపోతుంది. అంచేత ఈ సీమలో చట్టం చరిత్రను భవనాల వెంట వెతికితే దొరకదు. మనిషి ఎక్కడ నడవబోతే ఎక్కడ ఆపారో అక్కడ వెతకాలి.

ఆ దారి ఎవరో ముందే గీసిపెట్టారు. 1955లో పార్లమెంటు చేసిన అంటరానితనం (నేరాల) చట్టాన్ని 1976లో సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. అందులో నాలుగో సెక్షను చదవండి. మేము లా కాలేజీలో దాన్ని పరీక్షకోసం బట్టీపట్టాం, అమలాపురం నుంచి తిరిగొచ్చిన రాత్రి మొదటిసారి చదివాం. దుకాణం, హోటలు, హోటల్లో అందరికోసం పెట్టిన గిన్నెలు, నది, వాగు, బావి, చెరువు, నీళ్ళ కుళాయి, స్నానఘట్టం, శ్మశానం, రోడ్డు, నడవా, ఇల్లు కట్టుకునే చోటు, సత్రం, ఊరేగింపు, ఆఖరికి ఒంటిమీద నగ. దీన్ని శాసనం అనుకోకుండా ఒక పల్లె పటం అనుకుని చూడండి. పేట నుంచి బయల్దేరిన మనిషి పొద్దుగూకేలోగా ఎక్కడెక్కడ అడుగుపెట్టాలో, ఎక్కడెక్కడ ఎవరు అడ్డొస్తారో వరసగా రాసినట్టే ఉంటుంది. మూడో సెక్షను గుడి, ఐదు ఆసుపత్రి, ఆరు అంగట్లో సరుకు. చట్టం రాసినవాళ్ళకు పల్లె తెలుసు. కాపలా కాయాల్సినవాళ్ళకూ తెలుసు, అందుకే గదా ఆ పుస్తకం స్టేషన్ల బీరువాల్లోంచి అంత తేలిగ్గా బయటికి రానిది!

కోనసీమకు ఈ జాబితాలో నీళ్ళ మాటే ఎక్కువ వర్తిస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు కాలవలై, బోదెలై ఈ సీమంతా పారాయి. కాటన్‌ను దేవుడన్నవాళ్ళు చాలామంది. ఆ నీళ్ళు పారిన పొలాలు ఎవరివి, కాలవ తవ్విన పార ఎవరిది అన్నది వేరే వ్యాసం. ఇక్కడ మేం అడిగేది చిన్న ప్రశ్న. ఒకే కాలవకు పై రేవు, కింది రేవు ఎందుకున్నాయి? ఊరివాళ్ళు వాడి వదిలిన నీళ్ళు పేటకు రావడానికి ఏ ఇంజినీరూ నక్షా గీయలేదు, అయినా చాలాచోట్ల పేట కాలవ దిగువనే ఉంటుంది. ఇంకొకటి, శవం. కాలు పెట్టినచోటల్లా నీరూ తోటా ఉండే నేలలో, సెంటు భూమి కూడా ఖరీదైన నేలలో, పేటవాళ్ళ శవానికి చోటెక్కడ? కాలవ గట్టు, ఏటి ఒడ్డు. వర్షాకాలంలో పాడె మోసుకుంటూ చేలల్లో మోకాటిలోతు నీళ్ళలో నడిచిన అనుభవం మాలో ముగ్గురికి ఉంది. రోడ్డు ఉంది, కానీ అది ఇంకొకరి ఇళ్ళ ముందునించి పోతుంది. రోడ్డు, శ్మశానం అని చట్టంలో పక్కపక్కనే రాసిన ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం మాకు కాళ్ళతో తెలుసు.

ఈ జాబితా 1955లో ఊడిపడింది కాదు. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1938లో, ఎం.సి. రాజా చొరవతో మద్రాసు శాసనసభ పౌర అనర్హతల తొలగింపు చట్టం చేసింది. అంతకు పదకొండేళ్ళ ముందు, 1927 మార్చి 20న, మహద్‌లో అంబేడ్కర్ వేలాదిమందితో చౌదార్ చెరువుకు నడిచి దోసిలి పట్టారు. మన పిల్లలకు ఇంతవరకే చెబుతాం. తర్వాత కథ కోర్టులో నడిచింది. ఊరి సవర్ణులు దావా వేశారు, ఆ ఏడాది డిసెంబరులో ఇంజంక్షన్ తెచ్చారు, బొంబాయి హైకోర్టు 1937 మార్చిలో వాళ్ళ అప్పీలు కొట్టేసింది. అనాదిగా వస్తున్న ఆచారం అని వాళ్ళు రుజువు చెయ్యలేకపోయారు. ఒక చెరువు గట్టు మీద కొన్ని వందల గజాలు నడిచినందుకు కోర్టులో పదేళ్ళ నడక. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

1989 చట్టం ఉండగా ఈ పాత చట్టం ఎందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. కారణం ఉంది. ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితులు షెడ్యూల్డ్ కులంవాళ్ళో తెగలవాళ్ళో అయితేనే కేసు. కోనసీమలో పేట మొదట్లో చర్చి ఉంటుంది. 1836లో బౌడెన్, బీర్ దంపతులు వచ్చి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ కాలం నుంచీ ఇది ఉన్నదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు షెడ్యూల్డ్ కులాలవాళ్ళు కారు. మతం మారినవాళ్ళు 1989 చట్టాన్ని ఆశ్రయించలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో గుంటూరు వైపు ఒక పాస్టరు కేసులో చెప్పింది. తిట్టినవాడు కులం పేరుతోనే తిట్టాడు, కొట్టినవాడు పేట మనిషనే కొట్టాడు. వాడు బాప్తిస్మం సర్టిఫికెట్టు అడగలేదు. అడిగింది కోర్టు. అయితే 1955 చట్టం నాలుగో సెక్షను అంటరానితనం కారణంగా 'ఏ వ్యక్తి' మీదనైనా ఆంక్ష పెడితే నేరమంటుంది. బాధితులది ఏ మతమని అది అడగదు. శిక్ష తక్కువ నిజమే, కానీ తలుపు వెడల్పు ఎక్కువ. మన కార్యకర్తలు ఈ తలుపు ఎందుకు తట్టడం లేదో మాకు అర్థం కాదు. పాతది అనా? తుప్పు పట్టింది అనా?

ఇక అమలాపురం వీధుల్లోకే వద్దాం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా మారుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది, అభ్యంతరాలకు ముప్పై రోజులు గడువిచ్చారు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం చెప్పే పద్ధతి అదే. అభ్యంతరం ఉంటే కాగితం మీద రాసి కలెక్టరాఫీసులో ఇవ్వాలి. ఆరు రోజులు తిరక్కుండానే, మే 24న, మేము నడిచిన ఈ వీధుల్లోనే వేలమంది ఊరేగింపుగా వచ్చారు. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు తగలబడ్డాయి. ఇంటర్నెట్ ఆపేశారు. జూన్ 24న మంత్రివర్గం పేరు ఖాయం చేసింది. మరుసటేడు, ఆ అల్లర్ల కేసులు ఎత్తేయాలని ఆ ప్రభుత్వమే నిర్ణయించింది. కోనసీమ సామరస్యం కోసమట.

సామరస్యం మాకూ కావాలి. ఊరి కుర్రాళ్ళ జీవితాలు కోర్టుల చుట్టూ పాడవకూడదన్న వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఆ కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళలో బి.సి. కుర్రాళ్ళు, కూలీల పిల్లలు కూడా ఉన్నారు, ముందు నడిపించినవాళ్ళు ఇళ్ళలో ఉన్నారు. కానీ ఒక్క పోలిక. కేసు ఎత్తేయడానికి ఏడాది చాలిన రాజ్యానికి, కేసు తేల్చడానికి ఎన్నేళ్ళు కావాలి? ఈ ప్రశ్న అడగకుండా నల్లవంతెన దగ్గర నిలబడి గైడు ఏ కథ చెప్పినా అది సగం కథే.

పట్టణానికి దగ్గర్లోనే సూదాపాలెం ఉంది. 2016 ఆగస్టులో, గుజరాత్‌లో ఉనా జరిగి నెల తిరక్కుండానే, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ములను గోరక్షకులమన్నవాళ్ళు చెట్టుకు కట్టి కొట్టారు. అదే ఏడు జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ చట్టం, చచ్చిన పశువును ఎత్తమని దళితుణ్ణి బలవంతపెట్టడం నేరం అంది. ఊరేమో ఎత్తినందుకు కొట్టింది. ఎత్తకపోతే కొట్టిన కాలం మా తాతలది.

ఈ సీమ నుంచి బయటికి పోయిన దారులు రెండు మా తరాన్ని నడిపించాయి. రెండూ సాహిత్యంలో ఉన్నాయి గనుక విమర్శకు కూడా దొరుకుతాయి. ఒకటి మామిడికుదురు నుంచి బయల్దేరింది. బోయి భీమన్న 1911లో పుట్టిన ఊరు అది. ఆయన 'పాలేరు' నాటకంలో కుర్రాడు పశువుల సావిట్లోంచి చదువు పట్టుకుని అధికారి కుర్చీదాకా వెళ్తాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన తల్లిదండ్రులు ఈ సీమలో ఉన్నారని మా పెద్దలు చెప్పేవారు. మాలో ఒకరి నాయనమ్మ అలాగే పంపింది. ఆ రుణం మాకుంది. అయినా ఒక మాట అనాలి. ఆ నాటకంలో న్యాయం చేసేది మారిన మనిషి, ఎదిగిన మనిషి. చట్టం అక్కడ ఒక ఉద్యోగం. పాలేరు అధికారి అయితే ఊరు లొంగుతుందన్న నమ్మకం మీద ఆ ఇల్లు నిలబడింది. ఊరు లొంగలేదు. అధికారి వస్తే కుర్చీ వేసింది, ఆయన అన్నదమ్ముల్ని కింద కూర్చోబెట్టింది. 1975లో భీమన్నకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన సంపుటి పేరు 'గుడిసెలు కాలిపోతున్నై'. నాటకం రాసిన మనిషే ముప్పై ఏళ్ళు దాటాక ఆ పేరు పెట్టాల్సి వచ్చిందంటే, ఆ నమ్మకానికి మొదటి విమర్శకుడు ఆయనేనని మేము చదువుకుంటాం.

రెండో దారి కాట్రేనికోన వైపు కందికుప్ప నుంచి బయల్దేరింది. బొజ్జా తారకం 1939 జూన్ 27న అక్కడ పుట్టారు. తండ్రి అప్పలస్వామి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నాయకుడు, 1950లలో శాసనసభ్యుడు. తారకం లాయరయ్యారు, కాకినాడ నుంచి నిజామాబాదు, అక్కడినుంచి హైదరాబాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపాక, హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసి దళిత మహాసభ కట్టినవాళ్ళలో ముందు నిలిచారు. అదే 1985లో కోనసీమ మనిషే ఇంకొకరు, బాలయోగి, మేజిస్ట్రేటుగా ఎంపికయ్యి ఆ కొలువు వదిలేసి వచ్చారు, తర్వాత 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. రాజీనామాలు రెండు, పోయిన దిక్కులు రెండు. ఒకరి పేరు వంతెన మీద ఉంది. రెండోవారి పేరు ఉండాల్సిన చోటు పోలీసు స్టేషను గోడ అని మాలో ఒకరు జోక్ చేశారు, ఎవరూ నవ్వలేదు.

తారకం కవిత్వం గురించి మనవాళ్ళు రాశారు, 'నది పుట్టిన గొంతుక' గురించి రాశారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అన్న చిన్న పుస్తకాన్ని మాత్రం సాహిత్యంగా ఎవరూ చదవలేదు. మేము చదవమంటున్నాం. ఆ పేరు చూడండి. సగం వాక్యం. 'చేస్తే' దగ్గర ఆగిపోతుంది, మిగతా సగం చదివేవాడు తన స్టేషనులో పూర్తి చేసుకోవాలి. లాయరు భాషను జనం భాషలోకి దింపడం మన దగ్గర చాలామంది చేశారు, చాలాసార్లు అది చిన్నపిల్లలకు చెప్పినట్టు ఉంటుంది. ఈ పుస్తకం చదువరిని నేరం మోపబడ్డ పెద్దమనిషిలా చూస్తుంది. భయపడుతున్నాడని తెలుసు, తెలివితక్కువవాడని అనుకోదు. 'పాలేరు'లో కుర్రాడు చట్టానికి యజమాని కావాలని బయల్దేరాడు. ఈ పుస్తకంలో మనిషి ఉన్నచోటే, లాకప్పు ముందే, చట్టాన్ని పట్టుకుంటాడు. కోనసీమకు గైడుపుస్తకం ఏదంటే మేము దీన్నే చూపిస్తాం. పర్యాటకం వాళ్ళు ఏమనుకున్నా సరే.

ఇప్పుడు వెంకటాయపాలెం. పాత లెక్క ప్రకారం ఇది కోనసీమ కాదు, గౌతమికి అవతల, ద్రాక్షారామం వైపు. 2022లో రామచంద్రపురం కోనసీమ జిల్లాలో చేరడంతో మా పటంలోకి వచ్చింది. 1996 డిసెంబరు 29న ఆ ఊళ్ళో ఐదుగురు దళిత యువకులను హింసించారు. వాళ్ళలో ఇద్దరికి గుండ్లు గీయించారు, కనుబొమలు గీయించారు. తిరుపతిలోనో అంతర్వేదిలోనో తల ఇస్తే అది మొక్కు. నలుగురి మధ్య బలవంతాన తీస్తే అది ఊరు రాసే తీర్పు, చర్మం మీద రాసే తీర్పు. వెంట్రుక మళ్ళీ మొలుస్తుంది గదా అన్నవాళ్ళు అప్పట్లో ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

చట్టం ఏమంది? 1989 చట్టం మూడో సెక్షనులో బట్టలు ఊడదీయడం, నగ్నంగా తిప్పడం, ముఖానికి రంగు పూసి తిప్పడం అని ఉంది. గుండు అన్న మాట లేదు. మానవ గౌరవానికి భంగకరమైన అలాంటి ఇతర పని అన్న తోక ఒకటి ఉంది, గుండును ఆ తోకలోనే ఇరికించాలి. 2015 సవరణలో గుండు గీయడం, మీసాలు తీయడం అని పేరుపెట్టి రాశారు. ఆ రెండు మాటలు శాసనంలోకి రావడానికి దేశంలో ఎన్ని ఊళ్ళలో ఎన్ని తలలు కావలసి వచ్చాయో! మన దగ్గర నిఘంటువు అలా పెరుగుతుంది.

ముద్దాయిల్లో ఒకరు తోట త్రిమూర్తులు, అప్పటికి రామచంద్రపురం ఎమ్మెల్యే. కేసు చివరికి విశాఖపట్నం ఎస్.సి., ఎస్.టి. ప్రత్యేక కోర్టుకు చేరింది. తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఆయనకూ మిగతా ముద్దాయిలకూ పద్దెనిమిది నెలల జైలు, జరిమానా. అప్పటికి ఆయన ఎమ్మెల్సీ. అప్పీలుకు వెళ్ళారు, అది ఆయన హక్కు. మేము మాట్లాడేది ఆ మధ్య కాలం గురించి. ఇరవై ఏడేళ్ళ మూడున్నర నెలలు. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని అదే చట్టం 2015 సవరణ తర్వాత చెబుతోంది. మహద్ చెరువు కేసుకు వలసపాలనలో పదేళ్ళు పట్టింది. స్వరాజ్యంలో, ప్రత్యేక చట్టం, ప్రత్యేక కోర్టు, ప్రత్యేక ప్రాసిక్యూటరు ఉన్నాక, దానికి రెండున్నర రెట్లు దాటింది.

ఇంకో సంగతి లా విద్యార్థులు గమనించాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షనులో కొన్ని చట్టాల జాబితా ఉంది. వాటి కింద నేరం రుజువైతే ఎంత చిన్న శిక్షయినా ఎన్నికల్లో పోటీకి అనర్హత. ఆ జాబితాలో 1955 పౌరహక్కుల చట్టం ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం లేదు. దాని కింద దోషి అయితే మామూలు కొలతే, రెండేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడాలి. పద్దెనిమిది నెలలు ఆ గీతకు ఇవతలే ఆగిపోయింది. తీర్పు వచ్చి నెల తిరక్కుండానే, 2024 మే 13 పోలింగులో, మండపేట ఓటు యంత్రం మీద ఆయన పేరుంది. ఓడిపోయారనుకోండి, అది వేరే. హోటల్లో గ్లాసు వేరుగా పెట్టినందుకు పోయే అర్హత, గుండు గీయించినందుకు పోదు. ఈ పొరపాటును ఏ పార్టీ దళిత ఎం.పి. కూడా పార్లమెంటులో సరిచేయించలేదు. ఎందుకని అమలాపురం రిజర్వుడు సీటు నుంచి గెలిచినవాళ్ళనైనా మనం అడగలేదు. ఈ నింద మా మీద కూడా పడుతుంది.

రామచంద్రపురం నుంచి విశాఖ సుమారు 180 కిలోమీటర్లు. 1995 నిబంధనల్లో బాధితులకు, సాక్షులకు దారిఖర్చులు, బత్తెం ఇవ్వాలని ఉంది. అంటే దూరం ఒక అడ్డంకి అని చట్టానికి తెలుసు. తెలిసీ దాన్ని దగ్గర చేయదు, టిక్కెట్టు డబ్బు ఇస్తానంటుంది. వాయిదాకు వెళ్ళినరోజు కూలి పోయినట్టే. వెళ్ళాక జడ్జిగారు సెలవు, వకీలుగారు రాలేదు, మళ్ళీ తారీఖు. ఇది ఈ ఒక్క కేసు సంగతే కాదు, మా పేటల్లో కోర్టు మెట్లెక్కిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. దళితుడు రోడ్డుమీద నడవకూడదని ఊరు ఆపింది. చట్టం నడవమని చెప్పి, ఎంత నడిచినా రానంత దూరంలో కూర్చుంది. ఈ రెంటికీ తేడా మాకు తెలుసు, రెంటినీ ఒకటనడం లేదు. కానీ కాళ్ళనొప్పి ఒకటే.

చుండూరు దళితులకు ఇది ముందే అర్థమైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపాక, విచారణ మా ఊళ్ళోనే జరగాలని వాళ్ళు పట్టుబట్టారు. మనం కోర్టుకు పోవడం కాదు, కోర్టే మన దగ్గరికి నడిచి రావాలి అన్నది ఆ డిమాండు సారాంశం. సాధించారు కూడా, నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. తీర్పు మళ్ళీ హైదరాబాదుకు వెళ్ళి పోయింది. అయినా మన న్యాయచరిత్రలో నడిచి చూడదగ్గ చోటంటూ ఒకటుంటే అది చుండూరులో ఆ కోర్టు కూర్చున్న గది. దానికి ఫలకం కావాలి. గెలిచాం అని కాదు, కోర్టు ఇక్కడిదాకా వచ్చింది అని రాస్తే చాలు.

మా పిల్లలు మొన్న ఒక పటం గీశారు. గడియారస్తంభంతో మొదలుపెట్టలేదు, ఒక పేటలో పాడె ఎత్తే చోటు నుంచి మొదలుపెట్టారు. కాలవ రేవు, టీకొట్టు, సూదాపాలెం, మామిడికుదురు, కందికుప్ప, ఎదుర్లంక రేవు, వెంకటాయపాలెం. అక్కడినుంచి విశాఖకు గీత గీస్తే కాగితం చాలలేదు, ఇంకో కాగితం అతికించారు. ఆఖరి గుర్తు ఎక్కడ పెట్టాలో వాదించుకున్నారు. వెంకటాయపాలెంలో అని ఒకమ్మాయి, విశాఖ కోర్టులో అని ఒకబ్బాయి. అప్పీలు ఉంది కదా అని మూడోవాడు గుర్తుచేశాడు. విశాఖ దాకా సిరాతో గీసి, ఆపైన పెన్సిలుతో చుక్కలు పెట్టి వదిలేశారు.